అమ్మ ఎగైలాలో, బిడ్డ రాయచోటి బడిలో

కువైట్‌లోని ఎగైలాలో ఉదయం ఏడయ్యేసరికి విల్లాల ముందు కార్లు కదులుతాయి. వెనక సీట్లో ఆ ఇంటి పిల్లలు, స్టీరింగ్ దగ్గర రాయచోటి నుంచో రాజంపేట నుంచో వచ్చిన డ్రైవర్. పిల్లల టిఫిన్ డబ్బా సర్ది, బ్యాగు జిప్పు లాగి, వాకిలి దాకా వచ్చి పంపేది రైల్వే కోడూరు వైపు నుంచి వచ్చిన ఆడమనిషి. మన గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది. అంటే అప్పటికి ఇక్కడ తొమ్మిదిన్నర. ఆమె కన్నబిడ్డ ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో మొదటి పీరియడ్‌లో కూర్చుని ఉంటాడు, లేదా ఉండడు. ఉన్నాడో లేదో ఆమెకు చెప్పేవాళ్లు లేరు. అంతకన్నా వింత ఏమిటంటే, ఆ తల్లి కువైట్‌లో ఉందన్న సంగతి బడి రికార్డుల్లో ఎక్కడా రాసి ఉండదు.

ఎగైలా కువైట్ నగరానికి దక్షిణాన, అహ్మదీ గవర్నరేట్‌లో, తీరానికి దగ్గరగా ఉన్న నివాస ప్రాంతం. ఫహాహీల్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు గేట్ మాల్ గుర్తు. ఎక్కువగా కువైటీల సొంత ఇళ్లు. ఆ ఇళ్లలో వంట, పిల్లల పెంపకం, డ్రైవింగ్ చేసేవాళ్లలో మనవాళ్లు గణనీయంగా ఉన్నారు. కాస్త దూరంలోనే మహబౌలా, అబూ హలీఫా, మంగఫ్, ఫహాహీల్. అక్కడి అపార్టుమెంట్లలో కుటుంబాలతో ఉండే ఇంజనీర్లు, నర్సులు, అకౌంటెంట్లు. కంపెనీ గదుల్లో ఒంటరిగా ఉండే కార్మికులు. కువైట్‌లోని దాదాపు 10 లక్షల మంది భారతీయుల్లో తెలుగువాళ్లు ఈ మూడు తరగతుల్లోనూ ఉన్నారు. ఎవరి బిడ్డ ఎక్కడ చదువుతుందన్నది ఆ తరగతే తేలుస్తుంది.

2024 జనవరిలో కువైట్ కుటుంబ వీసాలు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కనీస జీతం 800 దినార్లు ఉండాలని షరతు పెట్టింది. ఇళ్లలో పనిచేసేవాళ్ల అకామా, అంటే నివాస అనుమతి, 20వ నంబరు. ఆ అకామా మీద భార్యాబిడ్డలను తెచ్చుకునే వీలే లేదు. కాబట్టి నర్సు బిడ్డ ఫహాహీల్‌లోనో మంగఫ్‌లోనో సీబీఎస్ఈ బడికి వెళ్తుంది. వంటమనిషి బిడ్డ ఊళ్లో అవ్వ దగ్గర పెరుగుతుంది. ఈ ఇద్దరు పిల్లల చదువు గురించీ మన పత్రికల్లో రెండు వేర్వేరు పేజీల్లో రాస్తారు: ఒకటి ప్రవాసుల పేజీ, ఇంకొకటి జిల్లా పేజీ. కానీ ఇద్దరికీ ఎదురయ్యే అసలు ప్రశ్న ఒకటే. చట్టం చేయి అందని చోట ఆ పిల్లవాడిని కనిపెట్టుకుని ఉండేదెవరు? చాలాసార్లు జవాబు ఒకే మనిషి దగ్గరికి వస్తుంది. అక్కడ ఆయన్ని ప్రిన్సిపాల్ అంటారు, ఇక్కడ హెచ్.ఎం. అంటారు.

ప్రధానోపాధ్యాయుల దయాగుణం గురించి మనం మాట్లాడుకునేది పదవీ విరమణ సభల్లో. శాలువా కప్పి, ఫలానా పిల్లవాడికి సొంత డబ్బుతో ఫీజు కట్టారని చెప్పుకుంటాం. మంచిదే. కానీ ఆయన రిటైరైన మర్నాడు ఆ పిల్లవాడి సంగతి ఏమిటి? నా వాదన ఇంతే: బడి పెద్ద కరుణను కొలవాల్సింది అడ్మిషన్ ఫారం, టైంటేబుల్, టీసీ పుస్తకం ముందు పెట్టుకుని. ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని సాగనంపారు, ఎవరి సంగతి రాసిపెట్టుకున్నారు అన్నవే దానికి లెక్కలు. పిల్లల చదువు మీద ప్రభావం చూపే బడిలోపలి అంశాల్లో తరగతి గది బోధన తరవాతి స్థానం నాయకత్వానిదేనని కెనెత్ లీత్‌వుడ్ బృందం 2004లోనే తేల్చింది. మామూలు పిల్లల విషయంలోనే అది నిజమైతే, చట్టం కూడా వెనక లేని పిల్లల విషయంలో ఆ ప్రభావం ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ముందు కువైట్ సంగతి చూద్దాం. 1965 నాటి 11వ నంబరు చట్టం చదువును నిర్బంధం చేసింది, కువైటీ పిల్లలకు. వికలాంగుల హక్కుల కోసం 2010లో తెచ్చిన 8వ నంబరు చట్టం మంచి చట్టమే. అది వర్తించేది కువైటీలకు, కొన్ని పరిమితులతో కువైటీ తల్లికి విదేశీ తండ్రి వల్ల పుట్టిన పిల్లలకు. బాలల హక్కుల ఒడంబడికను కువైట్ 1991లో ఆమోదించింది, వికలాంగుల హక్కుల ఒడంబడికలో 2013లో చేరింది. ఆ రెండు కాగితాలూ దేశంలో ఉన్న ప్రతి పిల్లవాడి గురించి మాట్లాడతాయి, పాస్‌పోర్టు రంగు చూడవు. కానీ ఒడంబడికకూ బడి గేటుకూ మధ్య చాలా దూరం. ఆ దూరంలోనే మన పిల్లలు ఉన్నారు.

మరి మన చట్టం? విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేముందు పిల్లవాడికి గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు పెట్టకూడదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ అందరినీ కలుపుకొని బోధించాలంది. ఈ చట్టాల సరిహద్దు శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గరే ఆగిపోతుంది. గల్ఫ్‌లోని మన బళ్లలో సిలబస్ సీబీఎస్ఈది, పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీవి, యూనిఫాం మనది, ప్రార్థన మనది. హక్కు మాత్రం విమానం ఎక్కలేదు. ఎల్‌కేజీలో చేరడానికి నాలుగేళ్ల పిల్లవాడిని కుర్చీలో కూర్చోబెట్టి రంగుల పేర్లు అడగడం అక్కడ మామూలు. మాట ఆలస్యంగా వచ్చే పిల్లవాడు, కళ్లలోకి చూడని పిల్లవాడు, ఒక చోట నిలవని పిల్లవాడు ఆ కుర్చీ దగ్గరే ఆగిపోతాడు. కాదని ఎవరూ రాసివ్వరు. సీట్లు నిండాయంటారు.

ఇక బడిలో చేరిన పిల్లల్లో చదువు వెనకబడ్డవాళ్లకు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఇంకో గండం ఉంటుంది. పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితం బ్యానర్ కట్టాలంటే ముందే కొందరిని వదిలించుకోవాలి. ‘మీవాడికి ఇక్కడి స్టాండర్డ్ కష్టంగా ఉంది, ఇండియాకు పంపితే బాగుంటుంది’ అన్న సలహా స్నేహంగానే వస్తుంది. టీసీ మీద ‘తల్లిదండ్రుల కోరిక మేరకు’ అని ఉంటుంది. ఈ విద్య గల్ఫ్ బళ్లకే సొంతం అనుకోనక్కర్లేదు. విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ బళ్లు ఇందులో ఎప్పుడో ఆరితేరాయి. తేడా ఏమిటంటే, హైదరాబాద్‌లో బయటికి వచ్చిన పిల్లవాడికి నాలుగు వీధుల అవతల ప్రభుత్వ బడి ఉంది. మంగఫ్‌లో వచ్చినవాడికి మిగిలింది విమానం టికెట్టే. తల్లి నర్సు ఉద్యోగం వదులుకుని వెంట వెళ్లాలి, లేదా పిల్లవాడు ఒక్కడే అమ్మమ్మ ఊరికి వెళ్లాలి. ఒక్క టీసీ సంతకంతో ఇల్లు రెండు దేశాలవుతుంది. సంతకం పెట్టే చేతికి ఆ బరువు తెలియాలి.

ప్రిన్సిపాల్ చేతుల్లో ఏమీ లేదన్న మాట నేను ఒప్పుకోను. చేతుల్లో ఉన్నదేమిటో ఒక్క ఉదాహరణ చూడండి. చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్న తొమ్మిదో తరగతి పిల్ల ఉందనుకుందాం. సీబీఎస్ఈ నిబంధనల ప్రకారం ఆమెకు పరీక్షలో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వొచ్చు. మూడు గంటల పేపరుకు పూర్తిగా ఇంకో గంట. రాసిపెట్టే మనిషిని పెట్టుకోవచ్చు. మూడో భాష నుంచి మినహాయింపు ఉంది. సబ్జెక్టుల ఎంపికలో సడలింపు ఉంది. ఇవన్నీ విదేశాల్లోని అనుబంధ బళ్లకూ వర్తిస్తాయి. బడికి పెద్దగా ఖర్చు కాదు. కానీ దానికి ముందు మూడు పనులు జరగాలి. పిల్ల మొద్దు కాదు, ఇబ్బంది వేరే ఉందని ఒక టీచర్ పసిగట్టాలి. ఆ మాట తల్లిదండ్రులకు వాళ్లు కించపడకుండా చెప్పి, పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెప్పించాలి. బోర్డుకు పంపే జాబితాలో ఆ వివరం వేళకు ఎక్కాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ప్రిన్సిపాల్ పట్టించుకోకుండా జరగదు. జాబితా గడువు దాటాక ఎంత కరుణ ఉన్నా ఉపయోగం లేదు.

కువైట్‌లో పరీక్ష చేయించే చోట్లు లేకపోలేదు. నేర్చుకోవడంలో ఇబ్బందులున్న పిల్లల కోసం ‘సెంటర్ ఫర్ చైల్డ్ ఇవాల్యుయేషన్ అండ్ టీచింగ్’ అక్కడ 1984లోనే మొదలైంది. మన సికింద్రాబాద్ బోయినపల్లిలో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చిందీ అదే ఏడాది. సమస్య భాష దగ్గర వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, రెండో భాష హిందీ, ఆడుకునేటప్పుడు మలయాళం, కింద బక్కాలా కొట్టులో అరబిక్. ఈ ఐదింటి మధ్య తడబడే పిల్లవాడికి నిజంగా లోపం ఉందా, భాషలు కలగాపులగం అయ్యాయా అని తేల్చడానికి ఓపిక ఉన్న మనిషి కావాలి. బడిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సీబీఎస్ఈ అనుబంధ నిబంధనలు 2018 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి. మన సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని లెక్క కూడా కట్టింది. పదిమందికి ఒకరు వద్దు, గల్ఫ్‌లో ప్రతి బడికీ పనిచేసే ఒక్కరు ఉన్నా చాలనిపిస్తుంది. కాగితం మీద ఆ పేరుతో ఉండి ప్రత్యామ్నాయ పీరియడ్లకు పరిగెత్తే మనిషిని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

చదువు చెప్పేవాళ్లు తలుచుకుంటే ఏం జరుగుతుందో కువైట్ చరిత్రలోనే ఉంది, అదీ మనకన్నా దిక్కులేనివాళ్ల విషయంలో. ఏ దేశ పౌరసత్వమూ లేక తరాలుగా అక్కడే ఉంటున్నవారిని బిదూన్లు అంటారు. వాళ్ల సంఖ్య లక్ష పైనే అని అంచనా. ప్రభుత్వ బళ్లలో చోటు లేక వాళ్ల పిల్లలు ప్రైవేటు బళ్లకు వెళ్తారు. 2014లో పుట్టిన సర్టిఫికెట్ లేదన్న కారణంతో వందల మంది బిదూన్ పిల్లలను ఆ బళ్లూ గేటు బయట ఆపేశాయి. అప్పుడు కువైట్ ఉపాధ్యాయుల సంఘం ఆవరణలో కొందరు టీచర్లు, యువకులు స్వచ్ఛందంగా తరగతులు మొదలుపెట్టారు. వెనకటి వీధిబళ్లను గుర్తుచేస్తూ ఆ ఉద్యమానికి ‘కతాతీబ్ అల్ బిదూన్’ అని పేరు పెట్టారు. బల్లలు అరకొర, తరగతులు అన్నీ కలిపి. సర్టిఫికెట్ లేని పిల్లవాడికి చదువు చెబితే తప్పేమిటని ఆ టీచర్లు పాఠం చెప్పే అడిగారు. ఆ పిల్లల సంగతి దేశం దాటి మానవహక్కుల నివేదికల్లోకి ఎక్కింది. ఆ టీచర్లకు జీవో లేదు, బడ్జెట్ లేదు. ఇష్టం లేనివాడికి నిబంధన ఎప్పుడూ సాకుగా దొరుకుతుందనడానికి, చేయాలనుకున్నవాడికి ఆవరణ ఒక్కటున్నా సరిపోతుందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు విమానం దిగి ఇటు వద్దాం. విషయంలో అసలు బరువు ఇక్కడే ఉంది.

తెలంగాణలో కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ వెళ్లేది ఎక్కువగా మగవాళ్లు. ఉమ్మడి కడప, చిత్తూరు జిల్లాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఆడవాళ్లూ పెద్ద సంఖ్యలో వెళ్తారు, అందులో కువైట్‌కు మరీను. పదో తరగతి పాసవని ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని భారత ప్రభుత్వం నిబంధన పెట్టింది. చిన్నవయసు ఆడపిల్లలు మోసపోకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం, అది సరైనదే. దాని అవతలి వైపు ఎవరూ చూసినట్టు లేదు. పద్దెనిమిదికో ఇరవైకో పెళ్లయిన మనిషికి ముప్పై నిండేసరికి పెద్దబిడ్డ నాలుగో ఐదో తరగతిలో ఉంటుంది, చిన్నవాడు అప్పుడే బడిలో చేరి ఉంటాడు. అంటే సక్రమమైన దారిలో వెళ్లే ప్రతి ఇంటిపని మనిషీ దాదాపుగా బడి ఈడు పిల్లల తల్లే. దొడ్డిదారిన విజిట్ వీసాల మీద వెళ్లేవాళ్లు వేరే. ప్రభుత్వ నిబంధనే తల్లులను ఏరి పంపుతుంటే, ఆ పిల్లల కోసం విద్యాశాఖలో ఒక్క లైను లేదు.

ఆ పిల్లల పేదరికం కంటికి కనిపించదు. బడిలో బలహీనులను గుర్తించే మన పద్ధతి రేషన్ కార్డు, కులం, వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్. కువైట్ తల్లి బిడ్డ కాళ్లకు మంచి బూట్లు ఉంటాయి, చేతిలో ఫోను ఉంటుంది, ఇంటికి కొత్త స్లాబు పడి ఉంటుంది. ‘వాళ్లకేం, కువైట్ డబ్బులు’ అని టీచర్లే అంటారు. ఆ ఇంట్లో సాయంత్రం పుస్తకం తీయమనే మనిషి లేదు, జ్వరమొస్తే రాత్రి లేచే మనిషి అరవై దాటిన అవ్వ, తండ్రి ఉంటే ఉన్నాడు లేకపోతే లేదు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల అయితే వంట, తమ్ముడి స్నానం, అవ్వ మాత్రలు ఆమె పనే. ఆలస్యంగా వచ్చిందని ప్రార్థనలో బయట నిలబెట్టేది ఆ పిల్లనే. రెండేళ్లకోసారి మూడు నాలుగు వారాలు ఒక్కసారిగా రాకుండా పోతుంది. అమ్మ రెండేళ్ల అగ్రిమెంటు ముగించుకుని వచ్చిందనీ, ఆ వారాలు పిల్ల అమ్మను వదిలి బడికి వెళ్లలేకపోయిందనీ హాజరు పట్టీలో రాయరు. ‘ఏ’ అని రాస్తారు.

అడ్మిషన్ ఫారం తీసి చూడండి. తండ్రి పేరు, తల్లి పేరు, వృత్తి, కులం, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు. పిల్లవాడు రాత్రిళ్లు ఎవరి దగ్గర పడుకుంటాడని అడిగే గడి ఉండదు. బడి పెద్ద తెలుసుకోవాల్సిన మొదటి సంగతి అదేనని నేననుకుంటాను. ఫోన్ నంబరు గడిలో కువైట్ నంబరో, అవ్వకు తీయడం రాని నంబరో ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టింది. అన్ని ప్రభుత్వ బళ్లలో ఒకేరోజు తల్లిదండ్రులందరినీ పిలవడం మెచ్చుకోదగ్గ పనే. ముగ్గులు, తాడులాగుడు పోటీలు, ఫొటోలు. మరి తల్లి ఎగైలాలో ఉన్న పిల్లవాడి పక్కన ఎవరు కూర్చున్నారు? అవ్వ వస్తే వచ్చినట్టు. ‘వాడు నా మాట ఇంటాడా సారూ’ అని ఆమె చెప్పేది విని, తలూపి పంపేస్తే ఆ పిల్లవాడి మీటింగ్ అయిపోయినట్టే. తల్లికి వందనం పథకంలో డబ్బు తల్లి ఖాతాకు వెళ్తుంది, దానికి 75 శాతం హాజరు చూస్తారు. తల్లి ఊళ్లో లేని ఇంట్లో ఆ ఖాతా, ఆ వేలిముద్ర, ఆ హాజరు ఎవరు చూసుకుంటారన్నది సచివాలయం గుమ్మం దగ్గర అవ్వకు వదిలేశాం.

వైకల్యం కూడా ఉన్న పిల్లవాడైతే కష్టం రెండింతలు. అలాంటి పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం ఉంది. ఫిజియోథెరపీ ఉంది. సమగ్ర శిక్షా కింద అలాంటి పిల్లలకు తలకు ఏటా 3,500 రూపాయల దాకా ఖర్చుపెట్టొచ్చు, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల భృతి ఉంది. తోడు తీసుకెళ్లే మనిషికీ కొంత ఇస్తారు. అన్నీ ఉన్నాయి, తోడు తీసుకెళ్లే మనిషి మాత్రం ఎగైలాలో ఉంది. సదరం క్యాంపుకు పిల్లవాడిని చంకనేసుకుని వెళ్లే వయసు అవ్వకు దాటిపోయింది. ఈ పిల్లలకు భవిత ఫిజియోథెరపిస్టును బడికే రప్పించగలిగేది హెచ్.ఎం. రాసే ఒక ఉత్తరం.

చైనాలో ఊళ్లలో వదిలి వెళ్లిన పిల్లల సమస్య మనకన్నా ఎన్నో రెట్లు పెద్దది. 2016లో అక్కడి ప్రభుత్వం తల్లిదండ్రులిద్దరూ దగ్గర లేని పల్లె పిల్లలను లెక్కపెడితే 90 లక్షల మంది తేలారు. ఆ ఏడాది ఇచ్చిన మార్గదర్శకాల్లో అలాంటి పిల్లల వివరాలు నమోదు చేయాలనీ, పిల్లవాడు రాకపోతే ఆరా తీయాలనీ, దూరాన ఉన్న తల్లిదండ్రులతో సంబంధం ఉంచుకోవాలనీ బళ్లకు చెప్పారు. ఎంతవరకు అమలైందన్నది వేరే చర్చ. లెక్కపెట్టారన్నది ముఖ్యం. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయంతో పాటు గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ఇస్తామంది. ముందడుగే. కానీ తల్లిని ఇప్పటికే పోగొట్టుకున్నట్టుగా ఉన్న పిల్లవాడిని అవ్వ దగ్గర నుంచి కూడా తీసి హాస్టల్లో వేయడం అందరికీ మందు కాదు. పిల్లవాడు ఉన్న ఊళ్లో, ఉన్న బడిలో చేయగలిగింది చేశాకే గురుకులం మాట.

చేయగలిగింది ఏమిటో వెతకడానికి చైనా దాకా కూడా పోనక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బళ్లు నడిపారు. పాఠ్యపుస్తకాన్ని వందల కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డుకూ ఒక గుర్తు, నిచ్చెనలాంటి పటంలో ఒక మెట్టు. పిల్లవాడు తన మెట్టు ఎక్కడుందో తనే చూసుకుని, కార్డు తనే తీసుకుని, నేర్చుకున్నాక తరవాతి దానికి వెళ్తాడు. మేకలు కాయడానికి వెళ్లి పది రోజులు రాని పిల్లవాడు తిరిగొచ్చి ఆపిన కార్డు దగ్గరే మొదలుపెడతాడు. క్లాసు అతన్ని వదిలేసి ముందుకుపోవడమన్నది లేదు, వెనకబడ్డవాడని పిలిచే అవసరమే రాదు. ఈ పద్ధతిని 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లు తీసుకున్నాయి, తరవాత అది తమిళనాడు అంతటికీ పాకింది. పక్క రాష్ట్రం తీసుకుంది, పుట్టింట్లో దానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. ఇందులో నాకు నచ్చింది ఆ దంపతుల మంచితనం ఒక్కటే కాదు. మంచి మూడ్‌లో లేని టీచరు ఉన్న రోజు కూడా ఆ పిల్లవాడికి అన్యాయం జరగని ఏర్పాటు అది. అమ్మ సెలవు మీద వచ్చిందని మూడు వారాలు రాని పిల్లకు కావాల్సింది సరిగ్గా అదే.

హెచ్.ఎం.ల వైపు మాట కూడా చెప్పాలి. ఆ మధ్య వాళ్ల చేత మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో పెట్టించాం. గుడ్ల లెక్క, చిక్కీల లెక్క, హాజరుకు ఒక యాప్, బియ్యానికి ఒక యాప్. నెట్ రాక చెట్టు కింద నిలబడి ఫోను పైకెత్తి పట్టుకున్న పెద్దమనిషిని పట్టుకుని ‘మీలో కరుణ లేదు’ అనడం అన్యాయం. కొత్తగా ఇంకో యాప్, ఇంకో శిక్షణ, ఇంకో వాట్సాప్ గ్రూప్ పెట్టమని నేను అడగను. ఉన్న పనుల్లోంచి కొన్ని తీసేసి, పిల్లలను చూసే తీరిక ఇవ్వమని అడుగుతాను.

ఆ తీరిక దొరికితే చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. అమ్మానాన్నల్లో ఎవరు గల్ఫ్‌లో ఉన్నారో ప్రతి క్లాస్ టీచరు దగ్గరా ఒక కాగితం ఉండాలి, అది నోటీసు బోర్డు మీదికి గానీ నలుగురి నోళ్లలోకి గానీ రాకూడదు. ‘కువైట్ పాప’ అని ముద్ర వేసే కరుణ కన్నా ఏమీ పట్టించుకోకపోవడమే నయం. ఇంటిపని మనుషులకు వారానికో సెలవు 2015 నాటి కువైట్ చట్టంలో ఉంది, దొరికేవాళ్లకు అది తరచుగా శుక్రవారం. మన బడికి శుక్రవారం పనిరోజు. అంటే తల్లితో వీడియో కాల్‌లో పేరెంట్ మీటింగ్ పెట్టాలంటే ఆదివారం కుదరదు, రెండో శనివారం కుదరదు. శుక్రవారం మధ్యాహ్నం బడి వదిలేముందు పది నిమిషాలు కుదురుతుంది. ఆ పది నిమిషాల్లో పిల్లవాడి నోట్‌బుక్ కెమెరాకు చూపించి, ‘అమ్మా, లెక్కలు బాగున్నాయి, ఇంగ్లీషు చూసుకోవాలి’ అని టీచరు చెబితే, రెండేళ్ల దూరంలో ఆ తల్లికి తన బిడ్డ చదువు గురించి బడి నోట విన్న మొదటి మాట అది కావచ్చు. ఎగైలా, మంగఫ్ వైపు తెలుగు సంఘాలు ఉగాదికి గాయకులను పిలిపించే ఖర్చులో కొంత ఇక్కడ పెట్టొచ్చు: ఏ ఊరి బడిలో ఏ తల్లి బిడ్డ ఉందో కలిపే పనికి, ఫోను వాడటం రాని తల్లికి ఆ శుక్రవారం ఫోను పట్టి చూపించే పనికి.

గల్ఫ్‌లోని బళ్ల మేనేజ్‌మెంట్లను అడగాల్సింది ఇంకొకటి ఉంది. నూరు శాతం ఫలితం వేసుకునే ప్రకటనలోనే, ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉన్నారో, అదే బ్యాచ్ నుంచి పదో తరగతి పరీక్షకు ఎంతమంది కూర్చున్నారో కూడా వేయమనండి. సీబీఎస్ఈ ఆ రెండు అంకెలూ అనుబంధ బళ్ల వెబ్‌సైట్‌లో ఉండాలని ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, టీసీ పుస్తకం బరువు దానంతటదే తెలుస్తుంది.

మన వైపు బళ్లు జూన్ 12న తెరుచుకుంటాయి. అడ్మిషన్ ఫారం అడుగున ‘పిల్లవాడు ఎవరి దగ్గర ఉంటున్నాడు’ అని ఒక గీత గీసి రాయించుకోవడానికి విజయవాడ నుంచి ఉత్తర్వు రావాల్సిన పనిలేదు. రాయచోటిలోనో రాజంపేటలోనో ఒక హెచ్.ఎం. ఆ ఉదయమే మొదలుపెట్టొచ్చు.